నదీతీర నడకబాటల ప్రణాళిక

నది ఒడ్డునో, ఏటిగట్టు మీదో, వరద నీరు పారే పల్లపు నేలలోనో జనం నడవడానికి, సైకిలు తొక్కడానికి, కాసేపు కూర్చోవడానికి వేసే ప్రజామార్గం నదీతీర నడకబాట. ఇవి కొన్ని వందల మీటర్ల నుంచి వందల కిలోమీటర్ల పొడవు దాకా ఉంటాయి. ఇంగ్లండులో థేమ్స్ బాట సుమారు 294 కి.మీ. సాగుతుంది. సోల్ నగరం నడిబొడ్డున చియొంగ్యెచియొన్ వాగు వెంట ఉన్న బాట 6 కి.మీ. లోపే. ఖర్చులోనూ హంగులోనూ వీటికి పోలిక లేదు. అయినా ప్రణాళిక దశలో అన్నిటికీ రెండు ప్రశ్నలే ప్రాణం: ఇక్కడికి నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయి? ఈ ఒడ్డును ఇప్పటికే ఎవరెవరు వాడుకుంటున్నారు? ఈ రెండింటికి జవాబు కాగితం మీద పెట్టకముందే రాతి పలకల రంగు, దీపస్తంభాల నమూనా ఎంచుకోవడం మన దగ్గర తరచూ జరిగే తప్పు. ఆ తప్పును తర్వాత ఎంత డబ్బు పోసినా సరిదిద్దడం కష్టం. బాట ఎక్కడ వెళ్లాలో ఒకసారి తేలిపోయాక మిగిలిన నిర్ణయాలన్నీ దాని వెంటే నడుస్తాయి.

చరిత్ర

నది పక్కన దారులు ఎప్పటినుంచో ఉన్నాయి. ఊరికే నడవడానికి కూడా జనానికి హక్కు ఉందని ఒప్పుకుని, దానికంటూ స్థలం, డబ్బు, సిబ్బంది కేటాయించడమే గత వందేళ్లలో కొత్తగా వచ్చింది. థేమ్స్ ఒడ్డున గుర్రాలు సరుకు పడవలను తాళ్లతో లాగుతూ నడిచే దారి ఉండేది. అది ఒకే గట్టున సాగేది కాదు. కొన్నిచోట్ల అవతలి ఒడ్డుకు మారేది, అక్కడ గుర్రాన్ని బల్లకట్టు మీద దాటించేవారు. రైళ్లు వచ్చి సరుకు పడవలు తగ్గాక బల్లకట్లు మూతపడ్డాయి, దారి ముక్కలైంది. 1996లో దాన్ని జాతీయ బాటగా ప్రారంభించే ముందు ఏళ్ల తరబడి జరిగిన పనిలో పెద్ద భాగం ఆ ముక్కలను అతకడమే. హర్లీ దగ్గర 1989లో కట్టిన టెంపుల్ కాలివంతెన అలాంటి ఒక అతుకు. పదిహేను కిలోమీటర్ల బాటలో రెండొందల మీటర్లు తెగిపోయి ఉంటే, పిల్లల్ని వెంటబెట్టుకున్న మనిషి అక్కడ లారీలు తిరిగే రోడ్డెక్కాలి. ఇక ఆ బాటను రెండు చిన్న బాటలుగానే లెక్కపెట్టుకోవాలి.

గోదావరి డెల్టాలోనూ ఇలాంటి దారులుండేవి. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, సాగు కాలువలే పడవల దారులయ్యాయి. గాలి లేనప్పుడు పడవను తాడుతో లాగుతూ మనుషులు కాలువ గట్టు మీద నడిచేవారు. ఆ గట్లు నేటికీ ఊళ్లను కలుపుతున్నాయి. వాటికి తోడు రెవెన్యూ పటాల్లో నమోదైన పుంతలు, డొంకలు ఉన్నాయి. పొలాలనుంచి ఏటి రేవుకు దిగే ఈ ఉమ్మడి దారుల్లో చాలావరకు ఆక్రమణలో పూడిపోయాయి గానీ కాగితంలో మాత్రం ప్రజలవే. కొత్త బాట గీయబోయేవారు గూగుల్ చిత్రం కన్నా ముందు గ్రామ పటం తెరవాలి. భూమి కొనే అవసరం లేకుండా నది దాకా చేరే దారి అందులోనే దొరకవచ్చు.

వరద వచ్చిపోయిన తర్వాతే చాలా నగరాలు నదివైపు చూశాయి. అమెరికాలోని డెన్వర్‌ను 1965 జూన్‌లో సౌత్ ప్లాట్ నది ముంచెత్తింది. అప్పటికి ఆ నది ఊరి చెత్తంతా చేరే చోటు. 1974లో మేయర్ బిల్ మెక్‌నికల్స్ కమిటీ వేస్తే, రాష్ట్ర సెనేటర్ జో షూమేకర్ దానికి నాయకత్వం వహించారు. మరుసటి ఏడు చెర్రీ క్రీక్ వచ్చి కలిసే చోట కాన్‌ఫ్లుయెన్స్ పార్కు తెరిచారు. మొత్తం నదికి ఒకేసారి పథకం వేసి డబ్బు కోసం కూర్చోకుండా, ఒక చిన్న ముక్కను బాగా చేసి జనానికి చూపించి, అక్కడినుంచి అటూ ఇటూ పెంచుకుంటూ పోయారు. మన పురపాలక సంఘాల ఆర్థిక స్థితికి ఇంతకన్నా తగిన పద్ధతి కనబడదు.

అమెరికాలోనే ఉన్న శాన్ ఆంటోనియో నగరానిది ఇంకో దారి. 1921 సెప్టెంబరు వరదలో యాభై మందికి పైగా చనిపోయాక, ఊరి మధ్యలో నది తిరిగే వంపును కప్పేసి మురుగు కాలువ చేద్దామన్న ఆలోచన వచ్చింది. పౌరులు అడ్డుపడ్డారు. 1929లో రాబర్ట్ హగ్‌మన్ అనే యువ వాస్తుశిల్పి ఆ వంపు వెంట నడకదారి, మెట్లు, దుకాణాలు గీసి చూపించారు. 1939-41 మధ్య అది కట్టారు. వరద నీటిని వంపులోకి రానీయకుండా పక్కనుంచి మళ్లించే కాలువ, గేట్లు ఉన్నందువల్లే అక్కడ నీటి అంచునే హోటళ్లు నిలబడగలిగాయి. ఫొటోల్లో ఆ అంచును చూసి ముచ్చటపడి, గేట్లు లేని నది మీద అదే కట్టాలనుకోవడం ప్రమాదం.

వరద మట్టాలు

మన నదులకు నీటి మట్టం ఒక అంకె కాదు, అనేక అంకెలు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర అవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకు ఇస్తారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకు చేరింది, 2022 జులైలో 71.3 అడుగులకు. తీరంలో ఉన్నవాళ్లకు ఈ అంకెలు నోటికి వచ్చు. ఏ మట్టానికి ఏ రేవు మునుగుతుందో, ఏ మట్టానికి ఏ రోడ్డు తెగుతుందో వాళ్లు చెప్పగలరు. నడకబాట నమూనా కూడా ఈ భాషలోనే మొదలవ్వాలి: మొదటి హెచ్చరికకు ముందే మునిగే భాగం ఏది, రెండో హెచ్చరిక దాకా పొడిగా ఉండేది ఏది, ఎన్నడూ మునగకూడనిది ఏది.

ఇలా విడగొట్టుకుంటే ఒడ్డు మూడు వరుసలవుతుంది. నీటి అంచున కింది వరుస ఏటా మునుగుతుంది. అక్కడ రాయి, కాంక్రీటు, మెట్లు తప్ప మరేదీ ఉండకూడదు. మధ్య వరుసలో గడ్డి, మట్టి బాట, గట్టిగా బిగించిన బల్లలు పెట్టవచ్చు. విద్యుత్ పెట్టెలు, మరుగుదొడ్లు, తాగునీటి కుళాయిలు, దుకాణాలు పై వరుసకే పరిమితం కావాలి. పారిస్ ఈ పద్ధతిని నిజాయితీగా పాటిస్తోంది. సెయిన్ నది కుడి ఒడ్డున 1967లో వేసిన వేగపు రోడ్డును 2016లో కార్లకు మూసేశారు, ఎడమ ఒడ్డున 2013లోనే ఆ పని చేశారు. 2016 జూన్‌లో నది 6.10 మీటర్లకు, 2018 జనవరిలో 5.85 మీటర్లకు పెరిగినప్పుడు ఆ ఒడ్డులు మునిగాయి. జనాన్ని రానీయలేదు. నీరు తీశాక కడిగి తెరిచారు. మునగడాన్ని వాళ్లు ముందే లెక్కలో వేసుకున్నారు.

ఢిల్లీ అనుభవం వేరుగా ఉంది. యమున వరద మైదానంలో పార్కులు, నడకదారులు వేసిన కొద్దికాలానికే 2023 జులైలో పాత రైలు వంతెన దగ్గర నది 208.66 మీటర్లకు చేరి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటింది. ఆ తోటలు నీట మునిగి, ఒండ్రు పట్టి, మళ్లీ పని చేయించుకోవాల్సి వచ్చింది. వరద మైదానంలో పార్కు పెట్టడం తప్పు కాదు, అక్కడ ఇళ్లు కట్టడం కన్నా ఎంతో మేలు. కానీ పార్కు ఖర్చు లెక్కలోనే వరద తర్వాత బాగుచేసే ఖర్చు కూడా ఉండాలి.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 2003లో నది మీద తేలే నడకబాట వేశారు. నీరు పెరిగితే బాట కూడా పైకి లేస్తుందన్నది ఆలోచన. 2011 జనవరి వరద దాన్ని తెంపేసింది. 300 మీటర్ల ముక్క ఒకటి నది వెంట కొట్టుకుపోతుంటే, అది వంతెనలకు తగలకుండా ఒక టగ్ పడవ దాన్ని సముద్రం వైపు మళ్లించింది. 2014లో కొత్త బాటను నదిలో దిగవేసిన స్తంభాల మీద స్థిరంగా కట్టారు. నీటి ఎత్తుతో పాటు నీటి వేగాన్నీ, అది మోసుకొచ్చే దుంగలనూ లెక్కలో పెట్టాలని ఈ ఉదంతం ఇంజినీర్లకు చెప్పింది. వరదలో కమ్మీలకు చెత్త, గుర్రపుడెక్క, కొమ్మలు పట్టుకుని గోడలా తయారవుతాయి. నీటి ఒత్తిడంతా ఆ గోడ మీద పడి కమ్మీతో పాటు కింది కాంక్రీటునూ పెళ్లగిస్తుంది. అందుకే కింది వరుసలో కమ్మీలు పెడితే, హెచ్చరిక రాగానే విప్పి పక్కకు తీసేలా, లేదా వరద దిశలో పడుకునేలా ఉండాలి.

గోడ కట్టి నదిని ఇరుకు చేయడం ఒక మార్గమైతే, గోడ తీసి నదికి చోటివ్వడం ఇంకొకటి. జర్మనీలోని మ్యూనిక్‌లో 2000 నుంచి 2011 దాకా ఇసార్ నది మీద 8 కి.మీ. మేర ఈ రెండో పని చేశారు. కాంక్రీటు అంచులు తొలగించి, నది పడకను వెడల్పు చేసి, గులకరాళ్ల ఒడ్డులను తిరిగి ఏర్పడనిచ్చారు. వరద నుంచి రక్షణ పెరిగింది, వేసవిలో జనం నేరుగా నీళ్ల దాకా వెళ్లి కూర్చుంటున్నారు. సింగపూర్‌లో కల్లాంగ్ నదిని 2.7 కి.మీ. కాంక్రీటు కాలువ నుంచి బయటికి తీసి, మెలికలు తిరిగే 3.2 కి.మీ. ఏరుగా మార్చి 2012లో బిషాన్ పార్కులో కలిపారు. అక్కడ నీటిమట్టం పెరిగితే సైరన్లు, దీపాలు హెచ్చరిస్తాయి. ఒడ్డున గుర్తులు ఉంటాయి. చిన్న వాగుల పక్కన బాట వేసేవారికి ఇదే అసలు పాఠం. పెద్ద నది రెండు రోజుల ముందు కబురు పంపి వస్తుంది, వాగు అరగంటలో మీద పడుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారినా, నగరంలో ఎక్కువ ప్రాంతాన్ని ముంచింది బుడమేరు అనే వాగు.

గట్టు మీద బాట

గోదావరి జిల్లాల్లో ఏటిగట్టు, కృష్ణా తీరంలో కరకట్ట సహజంగా నడకకు అనువుగా కనిపిస్తాయి. ఎత్తుగా ఉంటాయి, నది కనిపిస్తుంది, భూసేకరణ అక్కర్లేదు. కానీ గట్టు పని ఊరిని కాపాడటం. బాట దానికి ఏ చిన్న హాని చేసినా అది ప్రాణాలతో చెలగాటమే. ఊట నీరు బయటపడే చోటు గట్టు పాదం. అక్కడ పేవర్ బ్లాకులు పరిచేస్తే ఊట కనబడదు. పైన పెద్ద చెట్లు పెడితే, ఎప్పుడో ఒకప్పుడు అవి ఎండిపోయి వేళ్లు కుళ్లి, వేరు ఉన్నచోట నీటికి దారి ఏర్పడుతుంది. పందికొక్కుల బొరియలు కూడా అలాంటివే. అందుకే గట్టు వాలులో గరిక, వట్టివేరు వంటివే ఉండాలి. నీడనిచ్చే చెట్లను ఊరివైపు, పాదానికి దూరంగా నాటాలి.

వరద సమయంలో గట్టు మీద కాపలా సిబ్బంది (లస్కర్లు) రాత్రింబవళ్లు తిరుగుతారు. ఎక్కడైనా తడి కనిపిస్తే ఇసుక బస్తాలు, సరుగుడు బాదులు తెచ్చే ట్రాక్టరు అక్కడికి చేరాలి. కాబట్టి బాట పక్కన వేసే బల్ల, పూలకుండీ, తోరణం ఏదైనా సరే, ట్రాక్టరు పోయే వెడల్పును తినకూడదు. మామూలు రోజుల్లో ఇసుక ర్యాంపుల నుంచి వచ్చే లారీలు, ట్రాక్టర్లు గట్టెక్కకుండా ఆపడం ఇంకో సమస్య. వరదకు తెరుచుకునేలా తాళం వేసిన ఇనుప గేటు ఉండాలి, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో రాతపూర్వకంగా తేలాలి.

నది వంపు తిరిగేచోట బయటి ఒడ్డు ఏటా కోసుకుపోతుంది, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది. పటం మీద బయటి ఒడ్డే అందంగా కనిపిస్తుంది, నది అక్కడే దగ్గరగా, లోతుగా ఉంటుంది. అక్కడ బాటను వెనక్కి జరిపి, చూడటానికి ఒక చిన్న మలుపు మాత్రమే అంచుదాకా తీసుకెళ్లడం క్షేమం. రివిట్‌మెంట్ రాళ్లు పేర్చినంత మాత్రాన ఆ ఒడ్డు శాశ్వతం కాదు. లంక గ్రామాల వాళ్లను అడిగితే తమ జీవితకాలంలో ఎన్ని ఎకరాలు నదిలో కలిశాయో చేత్తో చూపిస్తారు.

ముందునుంచీ ఉన్నవాళ్లు

ఖాళీ ఒడ్డు అన్నది పటంలోనే ఉంటుంది. కార్తీకమాసంలో ఒక గోదావరి రేవు దగ్గర తెల్లవారుజామున నిలబడితే చాలు. ముందుగా దీపాలు వదిలే ఆడవాళ్లు వస్తారు. వాళ్లు వెళ్లేసరికి వల సర్దుకునే జాలర్లు, చేపలు తూచే కాటా దిగుతాయి. ఎనిమిదింటికి చాకిరేవు బండ మీద బట్టల మోత. గేదెలను కడగడానికి మెట్ల పక్కనున్న మట్టి వాలు కావాలి, గేదె మెట్లెక్కలేదు. పంటు దిగే జనం, స్కూలు సైకిళ్లు, పాలక్యానులు. మధ్యాహ్నం పిండప్రదానాలు. కొద్ది దూరంలో శ్మశానం. వీటిలో ఏ ఒక్కదాన్ని పటంలో రాయకుండా బాట గీసినా, అది ఎవరో ఒకరి జీవనాన్ని అడ్డంగా కోస్తుంది. బాట వల్ల వీళ్లు పోవాలంటే, ఆ బాట కన్నా వాళ్లే ముఖ్యం. అది సానుభూతి మాట కాదు, హక్కు మాట.

అహ్మదాబాద్‌లోని సబర్మతి తీరం ఈ చర్చలో తప్పనిసరిగా వస్తుంది. 1997లో ప్రత్యేక సంస్థ పెట్టి, 2005లో పని మొదలుపెట్టారు. వాస్తుశిల్పి బిమల్ పటేల్ సంస్థ నమూనా గీసింది. రెండు ఒడ్డులా దాదాపు 11 కి.మీ. పైగా గోడలు కట్టి, వెడల్పు మారుతూ సాగే నదిని 263 మీటర్ల సమాన వెడల్పుకు తెచ్చారు. 2012లో కింది నడకదారి జనానికి తెరిచారు. అది నిజంగా లక్షల మంది నడిచే చోటు, మురుగు కాలువలను నదిలో కలవకుండా మళ్లించిన పనిని కూడా తక్కువ చేయలేం. కానీ నదిలో ఏడాది పొడవునా కనిపించే నీరు నర్మద కాలువ నుంచి వచ్చి వాసణా బ్యారేజీ దగ్గర ఆగే నీరు. ఒడ్డున ఉన్న పది వేలకు పైగా కుటుంబాలను ఖాళీ చేయించి, ఎక్కువమందిని ఊరి అంచులకు తరలించారు. పునరావాసం హైకోర్టు దాకా వెళ్లింది. ఆదివారం జరిగే గుజరీ బజారుకు కోర్టు పోరాటం తర్వాత ఒడ్డునే కొత్త చోటు దొరికింది. ఆ బజారు నిలిచింది కాబట్టే ఆ భాగంలో పేదవాళ్లు కూడా నది ఒడ్డుకు వస్తున్నారు.

హైదరాబాదులో మూసీకి ఇంతకన్నా పాత చరిత్ర ఉంది. 1908 సెప్టెంబరు 28 వరద నగరాన్ని ఊడ్చేశాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన జలాశయాలతో పాటు నగరంలో ఒడ్డులను బాగుచేయాలని ఆయన సూచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి నదికి ఎదురెదురు ఒడ్డుల్లో లేచాయి. అంటే నది ఒడ్డును నగరానికి ముఖంగా చూసే ఆలోచన వందేళ్ల కిందటే ఇక్కడ ఉంది. తర్వాత నది మురుగు మోసే కాలువైంది. 2017లో మూసీ నదీతీర అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2024లో నది గర్భంలోని ఇళ్లకు గుర్తులు వేసినప్పుడు నిరసనలు రేగాయి. ఇక్కడ వరస ముఖ్యం. మురుగు ఆగకుండా బాట వేస్తే వాసనకే జనం రారు. ప్రత్యామ్నాయ ఇల్లు చేతికి ఇవ్వకుండా గుర్తు వేస్తే ఎవరూ నమ్మరు. సోల్‌లో 2003లో ఎత్తైన రోడ్డును కూల్చి 2005 అక్టోబరులో వాగును తెరిచిన చియొంగ్యెచియొన్‌లో కూడా ఒడ్డు వ్యాపారులతో సుదీర్ఘంగా చర్చించాల్సి వచ్చింది. సబర్మతిలాగే అక్కడ పారేది కూడా సొంత నీరు కాదు, పంపులతో ఎత్తిపోసేదే.

కొలతలు

నగర కాలిబాటకు కనీసం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు, 2.2 మీటర్ల ఖాళీ ఎత్తు ఉండాలని భారత రోడ్డు కాంగ్రెస్ మార్గదర్శకం. నడిచేవారు, సైకిళ్లు కలిసి వాడే బాటకు అమెరికా ప్రమాణం కనీసం 10 అడుగులు, అంటే దాదాపు 3 మీటర్లు. అంబులెన్సు పోవడానికీ అదే కనీసం. సాయంత్రం రద్దీ ఎక్కువ ఉండే ఊళ్లలో సైకిలును నడకనుంచి విడదీయడమే మంచిది. మనవాళ్లు కుటుంబంతో పక్కపక్కన నలుగురైదుగురు కలిసి నడుస్తారు. వెనకనుంచి గంట కొడితే అందరూ ఒకేవైపు తప్పుకోరు.

ఎక్కడమే అసలు పరీక్ష. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక ర్యాంపు దయతో పెట్టేది కాదు, తప్పనిసరి. వాలు 12కి 1 మించకూడదు. గట్టు 3 మీటర్ల ఎత్తుంటే ర్యాంపు 36 మీటర్లు సాగాలి. మధ్యలో ఆగే చదునులు కలుపుకుంటే ఇంకా ఎక్కువ. 20కి 1 వాలుతో హాయిగా ఎక్కాలంటే 60 మీటర్లు. ఈ పొడవు ముందే పటంలో పెట్టకపోతే, ఆఖరికి మెట్ల పక్కన 6కి 1 వాలుతో ఒక కాంక్రీటు నాలుక పోసి దానికి చక్రాల కుర్చీ బొమ్మ వేస్తారు. ఒంటరిగా వచ్చిన వికలాంగుడు దాన్ని ఎక్కలేడు, దిగడం మరీ ప్రమాదం.

ఎండ, చీకటి, జీవులు

తీరంలో వేసవి మధ్యాహ్నం ఎవరూ నడవరు. బాట పగలంతా పనికిరావాలంటే నీడ వరుస ఉండాలి. నది ఒడ్డులను ఇష్టపడే తెల్లమద్ది, కానుగ, నేరేడు ఈ నేలలో సహజంగా పెరిగేవే. తొందరగా పెరుగుతుందని రోడ్ల పక్కన విరివిగా నాటి, తర్వాత విమర్శలతో పక్కనపెట్టిన కోనోకార్పస్‌ను ఒడ్డుకు తేకూడదు. దీపాలు కిందికే వెలుగు పడేలా, తక్కువ ఎత్తులో ఉంటే చాలు. నదిమీదికి వెలుగు చిమ్మే రంగుల దీపాలు చేపలకు, పక్షులకు, నీటికుక్కలకు ఇబ్బంది. ఇసుక తిన్నెల మీద కొన్ని పక్షులు వేసవిలోనే గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో బాటనుంచి తిన్నెలకు దిగే దారిని మూయాలి. ఆడవాళ్లు సాయంత్రం రావాలంటే మాత్రం వెలుగు కన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. ప్రతి కొన్ని వందల మీటర్లకు ఊళ్లోకి వెళ్లే దారి, ఎదురుగా కనబడే టీ కొట్టు, శుభ్రమైన మరుగుదొడ్డి. అటూ ఇటూ గోడ ఉండి ఒకే దారిలో నడవాల్సిన బాట ఎంత వెలుగున్నా భయపెడుతుంది. ఇక జీవుల విషయానికి వస్తే, కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యంలో మడ చెట్ల మధ్య వేసిన చెక్క నడకదారి, నేలను తొక్కకుండా మనిషిని లోపలికి తీసుకెళ్లే పద్ధతికి మన దగ్గరి ఉదాహరణ.

జనసమ్మర్దం

మన నదుల ఒడ్డు ఏడాదిలో ఎక్కువ రోజులు నెమ్మదిగా ఉండి, కొన్ని రోజులు లక్షల మందితో నిండుతుంది. 2015 జులై 14న గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా చనిపోయారు. మళ్లీ గోదావరి పుష్కరాలు 2027లో. ఘాట్లను కలిపే బాటకు నడిచే రోజుల లెక్కతో పాటు ఆ రోజుల లెక్క కూడా ఉండాలి. లోపలికి వచ్చే దారి, బయటికి పోయే దారి వేరుగా ఉండాలి. మధ్యలో ఇరుకు అయ్యే చోటు ఉండకూడదు, కమ్మీలు తెరుచుకోవాలి. రోజూ సాయంత్రం మలుపులో అందంగా కనిపించే చిన్న తోరణమే పుష్కర స్నానం వేళ పీక నొక్కే సందు కావచ్చు.

భూమి, చట్టం, శాఖలు

ఒక్క కిలోమీటరు ఒడ్డులో గట్టు జలవనరుల శాఖది, రేవు పురపాలక సంఘానిది, గుడిముందు ఘాట్ దేవాదాయ శాఖది, వంతెన కింద స్థలం రైల్వేది, లంక భూమి పట్టాదారుడిది లేదా పోరంబోకు కావచ్చు. 1884 నాటి నదుల పరిరక్షణ చట్టం నది హద్దులో కట్టడాలను నియంత్రిస్తుంది. 2012 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనల ఉత్తర్వు 168 ప్రకారం నది హద్దు నుంచి పట్టణ పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్ల మేర భవనాలు కట్టకూడదు. 2017 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వేరే నిబంధనలున్నాయి. ఆటుపోట్లు వచ్చే భాగంలో తీరప్రాంత నియంత్రణ నిబంధనలు కూడా వర్తిస్తాయి. నది హద్దు పక్కన ఇలా భవనాలు లేకుండా ఉంచే ఖాళీ పట్టీయే నడకబాటకు సహజమైన చోటు. బాట పేరుతో ఆ పట్టీలో హోటళ్లకు లీజులివ్వడం మొదలైతే ఖాళీ ఉంచిన కారణమే పోతుంది. హద్దురాళ్లు పాతే పని బాట పనికన్నా ముందు పూర్తవ్వాలి. ఒకసారి బాట పడ్డాక దాని పక్క ధరలు పెరిగి, హద్దు నదివైపుకి జరగడం మొదలవుతుంది.

నిర్వహణ, వరద తర్వాత తెరవడం

ప్రారంభోత్సవం రోజు మెరిసే బాట మూడో వర్షాకాలానికి ఎలా ఉందన్నదే లెక్క. రోజువారీ ఊడ్పు, మరుగుదొడ్లు, దీపాలు, కలుపు తీత, కాపలా ఇవన్నీ ఏటా వచ్చే ఖర్చు. దానికి విడి పద్దు లేకపోతే మొదటి ఏడాది తర్వాత ఎవరూ చూడరు. కాంక్రీటు, రాతి బాటలు వరదను తట్టుకుంటాయి గానీ ఎండలో కాలుస్తాయి. దుమ్మురాతితో గట్టిపరిచిన బాట పాదానికి హాయిగా ఉండి, తక్కువ ఖర్చుతో బాగుపడుతుంది, కానీ మునిగే వరుసలో పనికిరాదు.

వరద తీస్తున్నప్పుడు చేసే పనికి ప్రత్యేక క్రమం ఉండాలి. ఒండ్రు తడిగా ఉండగానే నీటి వెనకాలే దిగుతూ గొట్టాలతో కడగాలి. రెండ్రోజుల ఎండకు అది గట్టిపడిందంటే పారతో చెక్కాల్సిందే. కడగడానికి ముందు కరెంటు నిలిపేశారని విద్యుత్ సిబ్బంది రాతపూర్వకంగా చెప్పాలి. పాములు కొట్టుకొచ్చి కమ్మీల మధ్య, బల్లల కింద చేరతాయి, కాబట్టి ముందు చేతికర్రతో చూడాలి. రాళ్ల కింద మట్టి కొట్టుకుపోయి పైన పలక మాత్రమే నిలిచిన చోట్లను సుత్తితో తట్టి చూస్తే బోలు శబ్దం వస్తుంది. ఆ భాగాన్ని తాడుకట్టి మూయాలి. గట్టు మీద ఊట, పగుళ్లు లేవని జలవనరుల శాఖ ఇంజినీరు సంతకం చేశాకే గేటు తాళం తీయాలి. ఏ మట్టానికి మూస్తారో, ఎవరు సంతకం పెడితే తెరుస్తారో ప్రతి ప్రవేశద్వారం దగ్గర బోర్డు మీద తెలుగులో రాసి ఉంచితే, తెరవమని ఒత్తిడి చేసేవారికి కాపలాదారు చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది.